జ్వరం పోయింది, కాళ్ళు లేవట్లేదు: వైరల్ జ్వరాల తర్వాత కండరాల వాపు వస్తే ఏం చేయాలి

వానలు మొదలైన దగ్గర్నుంచి దీపావళి వెళ్ళేదాకా విజయవాడలో, గుంటూరులో జ్వరం రాని ఇల్లు తక్కువ. నాలుగు రోజులు కాస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ పనిలో పడిపోతాం. కొందరికి మాత్రం తిరకాసు అక్కడే మొదలవుతుంది. జ్వరం దిగిన మర్నాడు పిక్కలు ముట్టుకోనివ్వవు. బాత్‌రూంలో కూర్చుంటే గోడో కుళాయో పట్టుకుంటేగానీ లేవలేరు. తల దువ్వుకుందామని చెయ్యెత్తితే జబ్బలు లాగేస్తాయి. "జ్వరం నీరసంలే, రెండు ఇడ్లీలు తిని పడుకో" అంటారు ఇంట్లోవాళ్ళు. చాలాసార్లు ఆ మాటే నిజమవుతుంది కూడా. నిజం కానప్పుడు దాన్ని గుర్తుపట్టడం ఎలాగో, గుర్తుపట్టాక ఏం చేయాలో ఇక్కడ చెబుతాను. నేను గుంటూరులో ఫిజియోథెరపీ చేస్తాను. ఈ సీజన్ అయిపోయాక నా దగ్గరకొచ్చే వాళ్ళలో సగం మంది చెప్పే కథ ఇదే.

ఫ్లూ, డెంగీ, కోవిడ్, చికున్‌గున్యా లాంటి వైరస్‌లు ఒంట్లో ఉన్నప్పుడు వాటి మీద మన రోగనిరోధక శక్తి చేసే దాడిలో కండరాలు కూడా దెబ్బతింటాయి. కొన్నిసార్లు వైరస్సే నేరుగా దెబ్బతీస్తుంది. కండరం వాస్తుంది, దాని కణాలు కొన్ని చితికిపోతాయి. దీన్నే డాక్టర్లు వైరల్ మయోసైటిస్ అంటారు. పిల్లల్లో ఇది ఎక్కువగా ఫ్లూ తర్వాత పిక్కల్లో వచ్చి, వారం లోపే దానంతటదే పోతుంది. పెద్దవాళ్ళలో పిక్కలతో ఆగకుండా తొడలు, నడుము, భుజాలకి పాకుతుంది. కండరం మరీ ఎక్కువగా చితికితే అందులోంచి బయటపడ్డ మయోగ్లోబిన్ అనే పదార్థం కిడ్నీల మీద పడుతుంది. అసలు ప్రమాదం అక్కడ ఉంది. నొప్పి ఎంత ఉందన్నది ఆ ప్రమాదానికి సరైన కొలత కాదు. విలవిల్లాడినవాళ్ళు వారంలో లేచి తిరగడమూ ఉంది, "నొప్పేం లేదండీ, ఊరికే కాళ్ళు పట్టు తప్పుతున్నాయి" అన్నవాళ్ళు ఐసీయూకి వెళ్ళడమూ ఉంది.

ముందు బలం పరీక్షించుకోండి

నీరసం వేరు, బలహీనత వేరు. నీరసంగా ఉన్నవాళ్ళకి లేవబుద్ధి కాదు, కానీ ఎవరైనా తలుపు కొడితే లేచి వెళ్ళగలరు. బలహీనత అంటే లేవాలని గట్టిగా ప్రయత్నించినా శరీరం సహకరించకపోవడం. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పక్కన ఒక మనిషిని పెట్టుకుని, ఈ వరుసలో చేయండి.

చేతుల్లేని కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ రొమ్ముకి అడ్డంగా కట్టుకుని లేవండి. ఒకసారి కాదు, అయిదుసార్లు వరుసగా. తొడ కండరాలు దెబ్బతింటే రెండో మూడోసారికే ముందుకు ఊగుతారు, చేతులు వాటంతటవే మోకాళ్ళ మీదకి వెళ్తాయి. ఆ చేతుల కదలికని గమనించమని పక్కనున్నవాళ్ళకి చెప్పండి, మనకు మనం తెలుసుకోలేం.

తర్వాత వంటింటి పై అరలో డబ్బా తీసినట్టు రెండు చేతులూ తల పైకెత్తి, పది లెక్కపెట్టేదాకా అలాగే ఉంచండి. వెల్లకిలా పడుకుని తలగడ మీంచి తల పైకి లేపి చూడండి. మెడ కండరాలు బలహీనపడితే తల లేవదు. ఈ పరీక్ష చాలామంది వదిలేస్తారు, వదలొద్దు.

ఇక గోడకి దగ్గరగా నిలబడి, మడమల మీద నాలుగు అడుగులు, మునివేళ్ళ మీద నాలుగు అడుగులు వేయండి. ఇది కండరానికి, నరానికి ఉన్న తేడా పట్టిస్తుంది. కండరాల వాపులో సాధారణంగా తొడలు, భుజాలు ముందు బలహీనపడతాయి. పాదాల దగ్గర బలం తగ్గడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, అరికాళ్ళలో తిమ్మిరి ఉంటే నరాల వైపు అనుమానించాలి. పిక్కలు నొప్పిగా ఉన్నవాళ్ళు మడమ నేలకి ఆనించలేక మునివేళ్ళ మీదే నడుస్తుంటారు. అది నొప్పి వల్ల వచ్చిన నడక, దాన్ని బలహీనతతో కలపకండి.

చివరగా, గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒకే శ్వాసలో సెకనుకి రెండు చొప్పున అంకెలు పైకి చదవండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు ముప్పై, నలభై దాకా వెళ్తారు. ఇరవై లోపే ఊపిరి చాలకపోతే, ముఖ్యంగా నిన్నటికంటే ఇవాళ తగ్గితే, ఇంట్లో ఉండకండి.

ఇవన్నీ ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. డాక్టర్ గారు "ఎప్పటినుంచి?" అని అడిగినప్పుడు "మొన్నటినుంచేమో" అనే జవాబు ఎవరికీ ఉపయోగపడదు. "సోమవారం అయిదుసార్లు లేచాను, బుధవారం ఒక్కసారి కూడా లేవలేకపోయాను" అంటే ఆయన పెన్ను పక్కన పెట్టి మీ వైపు చూస్తారు.

మూత్రం రంగు రోజూ చూడండి

ఇండియన్ టాయిలెట్‌లో రంగు తెలియదు. తెల్ల ప్లాస్టిక్ మగ్గులోగానీ ఖాళీ నీళ్ళ సీసాలోగానీ పట్టి, వెలుతురులో చూడండి. లేత పసుపు అయితే బాగుంది. ముదురు పసుపు అంటే నీళ్ళు చాలట్లేదు. ఎరుపు కలిసిన గోధుమ రంగు, కాఫీ డికాషన్ రంగు, పాలు పోయని టీ రంగు కనిపిస్తే అది కండరం చితికి వస్తున్న రంగు కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, సీసాని కూడా వెంట తీసుకెళ్ళండి.

బీకాంప్లెక్స్ బిళ్ళ వేసుకుంటే మూత్రం నిగనిగలాడే పసుపులో వస్తుంది, భయపడనక్కర్లేదు. బీట్‌రూట్ తిన్నా రంగు మారుతుంది. కళ్ళు పచ్చబడి మూత్రం ముదురుగా వస్తే అది కామెర్ల వైపు వెళ్ళే దారి, దానికీ డాక్టర్ కావాలి. రంగుతో పాటు ఎంత వస్తోందో కూడా చూడండి. రోజంతా కలిపి అర లీటరు కూడా రాకపోతే అది సొంతవైద్యంతో తేలే విషయం కాదు.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు

మూత్రం డికాషన్ రంగులోకి మారినా, బాగా తగ్గిపోయినా.

బలహీనత గంటగంటకీ, పూటపూటకీ పైకి పాకుతున్నా. పొద్దున పాదాలు, సాయంత్రానికి మోకాళ్ళు, రేపటికి చేతులు అన్నట్టుంటే అది గిలన్ బారే సిండ్రోమ్ కావచ్చు. 2025 జనవరిలో పుణెలో, ఫిబ్రవరిలో మన గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (జీజీహెచ్) కేసులతో పేపర్లలో రోజూ కనిపించిన జీబీఎస్ ఇదే. ఇది కండరాల జబ్బు కాదు, నరాలది. విరేచనాలో జ్వరమో జలుబో వచ్చి తగ్గిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో మొదలవుతుంది. ఊపిరి కండరాలదాకా వెళ్తే వెంటిలేటర్ కావాలి. ముందే పట్టుకుంటే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్లు, ప్లాస్మా మార్పిడి లాంటి చికిత్స ఉంది. పేపర్ చదివి ప్రతి తిమ్మిరికీ హడలిపోవద్దు. తిమ్మిరితో పాటు బలం కూడా పోతుంటే మాత్రం ఒక్క రాత్రి కూడా ఆలస్యం చేయొద్దు.

మింగడం కష్టమైనా, నీళ్ళు ముక్కులోంచి వచ్చినా, మాట ముద్దగా మారినా.

గుండెలో నొప్పి, దడ, పడుకుంటే ఆయాసం ఉన్నా. కొన్ని వైరస్‌లు ఒంటి కండరాలతో పాటు గుండె కండరాన్ని కూడా వాపుకి గురిచేస్తాయి.

డెంగీ అని తేలినవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. జ్వరం దిగిన రోజు గండం గడిచిన రోజు కాదు. జ్వరం తగ్గుతున్న సమయంలోనే, మూడు నుంచి ఏడో రోజు మధ్య, కొందరిలో రక్తనాళాల్లోంచి ద్రవం కారి బీపీ పడిపోతుంది. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, చేతులూ కాళ్ళూ చల్లబడటం ఉంటే ఒళ్ళు నొప్పుల సంగతి తర్వాత, ముందు బయల్దేరండి.

108కి ఫోన్ చేయండి. విజయవాడలో, గుంటూరులో ప్రభుత్వ పెద్దాసుపత్రులున్నాయి, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ఏ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళినా ఐసీయూ, డయాలసిస్ రెండూ ఉన్నాయో లేదో ముందు అడగండి. అర్ధరాత్రి చిన్న నర్సింగ్‌హోమ్‌లో చేరి, పొద్దున్నే ఇంకోచోటికి అంబులెన్స్‌లో తరలించడం కంటే ఇది మేలు.

మందుల షాపు దగ్గర కాస్త ఆగండి

సాయంత్రం ఏ మెడికల్ షాపు ముందు నిలబడ్డా వినిపించే మాట ఇది.

"అన్నా, జ్వరం తగ్గింది గానీ ఒళ్ళంతా పులిసిపోయింది. ఏదన్నా గట్టిది ఒకటియ్యి."

"పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తిన్నాకే ఏసుకో."

అంతే. కవర్ మీద పేరు ఉండదు, చేతిలోకి కత్తిరించిన నాలుగు బిళ్ళలు వస్తాయి. వాటిలో ఎక్కువసార్లు ఉండేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి. డెంగీ కాదని తేలేదాకా ఇవి వద్దు, రక్తస్రావం ముప్పు పెంచుతాయి. కండరం చితికి కిడ్నీల మీద భారం పడుతున్నప్పుడు ఇవి ఆ కిడ్నీలని ఇంకా ఇబ్బంది పెడతాయి. నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే చాలు. 650 మిల్లీగ్రాముల బిళ్ళ ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగు మించకుండా. లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు డాక్టర్‌ని అడిగి ఇంకా తగ్గించుకోవాలి. షాపులో ఇచ్చిన కలగలుపు బిళ్ళల్లో పారాసిటమాల్ ముందే కలిపి ఉంటుందని మర్చిపోకండి.

తుంటి ఇంజక్షన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరకి వెళ్తే "ఒక సూది పొడిస్తే ఉదయానికి లేస్తారు" అంటారు. ఆ సూది కండరంలోకి గుచ్చుతారు. గుచ్చిన చోట కండరం కొంత దెబ్బతిని రక్తంలో సీపీకే (కండరం చితికితే బయటపడే ఎంజైము) పెరుగుతుంది. ఆ మర్నాడే సీపీకే పరీక్ష చేయిస్తే అందులో జబ్బు ఎంతో సూది ఎంతో ఎవరూ చెప్పలేరు. డెంగీలో ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే సూది గుచ్చిన చోట రక్తం గడ్డకట్టి వాస్తుంది కూడా. ఇంజక్షన్ తప్పదనుకుంటే పరీక్షకి రక్తం ఇచ్చాకే వేయించుకోండి. అప్పటికే వేయించుకుని ఉంటే ల్యాబులోనూ డాక్టర్ దగ్గరా ఆ మాట చెప్పండి.

కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటివి వాడేవాళ్ళు మన దగ్గర ఇప్పుడు చాలామంది. స్టాటిన్లు అనే ఈ మందులు అసలే కొందరిలో కండరాల నొప్పి తెస్తాయి, వాటి పైన వైరల్ జ్వరం తోడైతే నష్టం పెరగొచ్చు. జ్వరానికి ఇచ్చిన యాంటీబయాటిక్‌లలో క్లారిత్రోమైసిన్ ఉంటే అటోర్వాస్టాటిన్ రక్తంలో మోతాదు మించి పేరుకుంటుంది. కాబట్టి డాక్టర్ దగ్గరకి వెళ్ళేటప్పుడు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, గౌట్ మందులన్నీ ఒక కవర్‌లో వేసుకెళ్ళండి. సీపీకే బాగా పెరిగి ఉంటే స్టాటిన్‌ని కొన్నాళ్ళు ఆపమంటారు. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్ళు మాత్రం సొంతంగా ఆపకండి, కార్డియాలజిస్టుకి ఫోన్ చేసి అడగండి.

స్టిరాయిడ్ బిళ్ళలు డాక్టర్ రాయకుండా వద్దు. రెండు రోజులు ఒళ్ళు తేలికైనట్టు అనిపిస్తుంది. మామూలు వైరల్ మయోసైటిస్‌కి వాటి అవసరం లేదు, పైగా ఎక్కువ రోజులు వాడితే అవే తొడ కండరాలని కరిగిస్తాయి. సంతల్లో, బస్టాండ్ల దగ్గర అమ్మే పేరులేని కీళ్ళనొప్పుల పొట్లాల్లో ఏం కలిపారో ఎవరికీ తెలియదు.

రక్తపరీక్షలు: ఏవి, ఎప్పుడు, ఎలా చదవాలి

కుర్చీ పరీక్షలో తేడా వచ్చినా, నొప్పి మూడు నాలుగు రోజులు దాటినా డాక్టర్‌ని అడిగి చేయించాల్సినవి: సీపీకే, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకి), పొటాషియం, రక్తకణాల లెక్క, మూత్ర పరీక్ష. జ్వరం కారణం తెలియకపోతే డెంగీ పరీక్ష. మళ్ళీ మళ్ళీ వచ్చే కండరాల నొప్పి అయితే టీఎస్‌హెచ్ కూడా, ఎందుకంటే థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళలోనూ సీపీకే పెరుగుతుంది.

సీపీకే సాధారణ హద్దు ల్యాబుని బట్టి మారినా, పెద్దవాళ్ళలో దాదాపు 200 యూనిట్ల లోపు ఉంటుంది. మగవాళ్ళలో, ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళలో కాస్త ఎక్కువే ఉండొచ్చు. నాలుగైదు వందలు ఉంటే జ్వరం తర్వాత అది పెద్ద వింత కాదు. వెయ్యి దాటితే డాక్టర్ పర్యవేక్షణ కావాలి. 5000 దాటితే కిడ్నీలకి ముప్పు పెరుగుతుంది, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తూ మూత్రం కొలుస్తూ చూడాల్సి వస్తుంది. ఒక్క రిపోర్టు చూసి నిర్ణయానికి రావద్దు. రెండు మూడు రోజుల తర్వాత అదే ల్యాబులో మళ్ళీ చేయించండి. కండరం చితకడం ఆగితే అంకె స్పష్టంగా కిందికి దిగుతుంది. దిగకపోయినా, పెరిగినా అసలు కారణం వెతకాలి. పరీక్షకి ముందు రెండు రోజులు జిమ్ము, బరువులు, పరుగులు ఉండకూడదు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగాయని రిపోర్టు రాగానే "లివర్ పాడైంది" అని తేల్చేస్తారు. ఈ రెండు ఎంజైములూ కండరంలోనూ ఉంటాయి, ముఖ్యంగా ఎస్‌జీఓటీ. కండరం చితికితే అవీ పెరుగుతాయి. డెంగీలో లివర్ నిజంగానే దెబ్బతినొచ్చు కాబట్టి కొట్టిపారేయకూడదు గానీ, బిలిరుబిన్ (కామెర్లని చూపే అంకె) మామూలుగా ఉండి, సీపీకే కూడా పెరిగి ఉంటే ఆ అంకెల్లో కండరం వాటా ఎంతుందో డాక్టర్‌ని అడగండి. అడగకుండా కామెర్ల పసరుకి, చేతిమీద వాత పెట్టించుకోడానికి పరుగెత్తేవాళ్ళని ఈ జిల్లాల్లో ఇంకా చూస్తున్నాం. అలాగే ప్రతి జ్వరానికీ వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అని చెప్పడం ఇక్కడొక అలవాటైపోయింది. ఆ పరీక్ష ఒక్కదాన్నే నమ్మి వారం రోజుల ఇంజక్షన్లకి ఒప్పుకోకండి. టైఫాయిడ్ అనుమానం నిజంగా ఉంటే బ్లడ్ కల్చర్ ఉంది.

పొటాషియం సంగతి చిన్నగా కనిపిస్తుంది గానీ ప్రాణం మీదకి తెచ్చేది అదే. 3.5 కంటే బాగా తగ్గితే కాళ్ళు చేతులు ఉన్నట్టుండి చచ్చుబడతాయి. డెంగీ జ్వరంలో ఇలా పడిపోయిన కేసులు మన దేశంలో నమోదయ్యాయి. వాంతులు, విరేచనాలు అయినవాళ్ళలోనూ చూస్తాం. పొటాషియం ఎక్కిస్తే గంటల్లో లేచి కూర్చుంటారు. దీనికి పూర్తి వ్యతిరేకంగా, కండరం బాగా చితికి కిడ్నీలు మందగిస్తే పొటాషియం పెరిగిపోయి గుండె లయ తప్పుతుంది. రెండింట్లోనూ మనిషి బలహీనంగానే కనిపిస్తాడు, చికిత్స మాత్రం తలకిందులు. అందుకే అంచనాతో కాకుండా రిపోర్టుతోనే మందు వేయాలి.

వైరస్ కానివి కూడా ఉంటాయి

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు జనం రోజుల తరబడి నడుముల్లోతు నీళ్ళలో తిరిగారు. అలాంటి నీళ్ళలో, పొలం బురదలో, డ్రైనేజీ పనుల్లో దిగినవాళ్ళకి వారం రెండు వారాల్లో జ్వరం వచ్చి, కళ్ళు ఎర్రబడి, పిక్కలు నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉంటే లెప్టోస్పైరోసిస్‌ని తలుచుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే బ్యాక్టీరియా జబ్బిది. సీపీకే ఇందులోనూ పెరుగుతుంది. దీనికి డాక్సీసైక్లిన్, పెనిసిలిన్ లాంటి మందులున్నాయి, కాబట్టి వైరల్ అని వదిలేస్తే నష్టం మనకే. నీళ్ళలో దిగిన సంగతి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

చంకల్లో, గజ్జల్లో, నడుము పట్టీ కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే స్క్రబ్ టైఫస్. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. ఇంట్లోవాళ్ళు వెనకవైపు కూడా చూడాలి. దీనికీ డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది.

నొప్పి కండరంలో కాకుండా వేళ్ళ కణుపుల్లో, మణికట్టులో, చీలమండల్లో ఉండి, పొద్దున్నే పిడికిలి పట్టకపోతే చికున్‌గున్యా వైపు చూడాలి. 2006లో ఆంధ్రా అంతా వంగిపోయి నడిచిన రోజులు పెద్దవాళ్ళకి గుర్తే.

నీళ్ళు, తిండి

గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్ళు రోజుకి రెండున్నర నుంచి మూడు లీటర్లు తాగండి. మజ్జిగ, గంజి, పప్పుకట్టు, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ని ఒక లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి, గ్లాసులో చిటికెడు వేసుకుంటే లాభం లేదు. అట్టపెట్టెల్లో తియ్యగా దొరికే పానీయాలు దానికి బదులు కావు. వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆహార భద్రతా సంస్థ 2025లో ఆదేశించింది.

ఆసుపత్రి గేటు ముందు కొబ్బరిబోండాల బండి లేకుండా ఉండదు. మామూలు జ్వరంలో మంచిదే. మూత్రం తగ్గినవాళ్ళు, రంగు మారినవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం తాగకూడదు. అందులో పొటాషియం ఎక్కువ. చుట్టపుచూపుకి వచ్చినవాళ్ళు తెచ్చారు కదా అని నాలుగు బోండాలు తాగించేస్తారు, రిపోర్టు వచ్చేదాకా ఆపించండి. "ఒక బాటిల్ ఎక్కించండి డాక్టర్ గారూ" అని అడగడం కూడా మానేయాలి. మామూలు జ్వరంలో నోటితో తాగగలిగిన మనిషికి ఆ బాటిల్ చేసే అదనపు మేలేమీ లేదు.

పథ్యం పేరుతో పది రోజులు ఇడ్లీ, బ్రెడ్డు, చారన్నం మీద ఉంచడం మన ఇళ్ళలో పెద్ద తప్పు. చితికిన కండరం తిరిగి కట్టుకోడానికి మాంసకృత్తులు కావాలి. కిడ్నీ రిపోర్టు బాగుంటే, ఒంటి బరువులో ప్రతి కిలోకీ రోజుకి దాదాపు ఒక గ్రాము లెక్కన చూసుకోండి. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా ఉంటుంది. ఉదయం పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, గడ్డ పెరుగు, సాయంత్రం ఉడికించిన సెనగలు, తినేవాళ్ళకి చేపో కోడికూరో. "గుడ్డు వేడి చేస్తుంది, జ్వరం తిరగబెడుతుంది" అనే అత్తయ్యలకి గట్టిగా ఎదురు చెప్పక్కర్లేదు. "డాక్టర్ గారు తినమన్నారండీ" అంటే గొడవ ఉండదు. మద్యం మాత్రం పూర్తిగా బంద్, అది స్వయంగా కండరాలని దెబ్బతీస్తుంది.

మళ్ళీ పనిలోకి

నాకు ఎక్కువ బెంగ కలిగించే భాగమిదే. మిర్చియార్డులో సీజన్ ఫిబ్రవరి నుంచి ఊపందుకుంటుంది. జ్వరం వచ్చి తగ్గిన హమాలీకి ఇంట్లో కూర్చునే స్తోమత ఉండదు. నాలుగో రోజుకే నలభై కిలోలు దాటిన టిక్కీని (మిర్చి బస్తాని) వీపు మీదకి ఎత్తుకుంటాడు. ఎండ ముదిరేకొద్దీ ఒంట్లో నీళ్ళు ఆవిరైపోతాయి. అసలే వాచిన కండరానికి బరువు, ఎండ, నీళ్ళు లేకపోవడం మూడూ కలిస్తే మధ్యాహ్నానికి మూత్రం నల్లబడొచ్చు. ముఠామేస్త్రీలకి ఈ సంగతి తెలిసి ఉంటే ఒక వారం అతనికి కాటా దగ్గరో, సంచులు కుట్టే చోటో పని చూపించడం పెద్ద కష్టం కాదు.

జ్వరం ఉన్నన్నాళ్ళూ, సీపీకే ఇంకా పెరుగుతున్నన్నాళ్ళూ విశ్రాంతే. అలాగని మంచానికి అతుక్కుపోవద్దు. గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడించండి, బాత్‌రూంకి నడిచే వెళ్ళండి. వాచిన కండరాన్ని గట్టిగా పిసికి మర్దన చేయించకండి, గోరువెచ్చని నీళ్ళ కాపడం చాలు.

జ్వరం పోయి, మూత్రం తేటగా వచ్చి, నొప్పి సగానికి తగ్గాక మొదలుపెట్టండి. మొదటి మూడు రోజులు ఇంట్లోనే అయిదేసి నిమిషాలు, రోజుకి మూడుసార్లు నడక. తర్వాత వీధి చివరిదాకా. కుర్చీలోంచి లేచి కూర్చోవడం అయిదుసార్లు, రెండు పూటలా. గోడకి చేతులు ఆనించి తోయడం ఎనిమిదిసార్లు. మర్నాడు ఉదయం ఎలా ఉందో చూసి ఆ రోజు లెక్క నిర్ణయించుకోండి. నిన్నటికంటే తేలిగ్గా ఉంటే రెండు నిమిషాలు పెంచండి. అలాగే ఉంటే అంతే చేయండి. నొప్పి, అలసట ఎక్కువైతే సగానికి తగ్గించండి. ఆ సాయంత్రం ఉత్సాహంగా అనిపించిందని పెంచకండి, ఆలస్యంగా వచ్చే అలసట మర్నాడో ఎల్లుండో పట్టుకుంటుంది. కోవిడ్ తర్వాత కొందరికి ఇది నెలల తరబడి ఉండిపోయింది. అలాంటివాళ్ళు రోజులో ఉన్న శక్తిని పంచుకుని వాడాలి తప్ప పట్టుదలతో తోసుకెళ్ళకూడదు.

మెట్లు ఆఖరికి. చిట్టినగర్, వన్‌టౌన్ కొండవాలు ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి ఈ మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టం. ఇంటికి వెళ్ళాలంటేనే వంద మెట్లు. కుదిరితే ఒక వారం కింద చుట్టాలింట్లో ఉండండి. కుదరకపోతే రోజుకి ఒక్కసారే దిగి ఎక్కేలా పనులు సర్దుకోండి, ప్రతి పది మెట్లకీ ఆగి కూర్చోండి, నీళ్ళ బిందె, గ్యాస్ బండ ఇంకెవరికైనా అప్పగించండి. ఎక్కేటప్పుడు ఊపిరి ఇబ్బంది, దిగేటప్పుడు తొడల ఇబ్బంది. పడిపోయేది ఎక్కువగా దిగేటప్పుడే, అందుకే కమ్మీ వదలకండి. దీక్షలో ఉండి దుర్గమ్మ కొండ నడిచి ఎక్కాలనుకునే భవానీలు కూడా అమ్మవారికి చెప్పుకుని ఈ ఒక్కసారికి బస్సులో పైకి వెళ్ళొచ్చు.

జిమ్ము, బరువులు, క్రికెట్ సీపీకే మామూలు స్థాయికి వచ్చాకే. గుండె వాపు అని తేలినవాళ్ళు కార్డియాలజిస్టు ఒప్పుకునేదాకా, నెలల పాటైనా సరే, పరుగు జోలికి పోకూడదు.

నెల దాటినా తగ్గకపోతే

ఎక్కువమంది రెండు మూడు వారాల్లో కోలుకుంటారు. నాలుగు వారాలు దాటినా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోతే, సీపీకే వేలల్లోనే ఉంటే, దాన్ని వైరల్ లెక్కలో వేయడం ఆపాలి. మన రోగనిరోధక శక్తే కండరాల మీద యుద్ధం కొనసాగించే జబ్బులున్నాయి. డెర్మటోమయోసైటిస్‌లో కనురెప్పల మీద ఊదారంగు వాపు, వేళ్ళ కణుపుల మీద ఎర్రటి పొక్కులు కనిపిస్తాయి. స్టాటిన్ ఆపేసినా బలహీనత పెరుగుతూ పోయే ఇంకో రకం కూడా అరుదుగా ఉంది. ఇవి వాటంతటవే తగ్గవు, వీటికే స్టిరాయిడ్లు, ఇతర మందులు లెక్క ప్రకారం ఇస్తారు. చూడాల్సింది రుమటాలజిస్టు (కీళ్ళు, కండరాల వాపు జబ్బుల డాక్టర్), లేదా న్యూరాలజిస్టు. యాంటీబాడీ పరీక్షలు, ఈఎంజీ (కండరంలో విద్యుత్ సంకేతాలు కొలిచే పరీక్ష), తొడ కండరానికి ఎంఆర్‌ఐ, అవసరమైతే బయాప్సీ అడుగుతారు. బయాప్సీ అంటే కండరంలోంచి చిన్న ముక్క తీసి చూడటమే, "ముక్క తీస్తే కాలు చచ్చుపడుతుంది" అనేది పుకారు. ఈఎంజీలో సూదులు గుచ్చుతారు కాబట్టి సీపీకే రక్తం దానికంటే ముందే ఇచ్చేయండి.

వెళ్ళేటప్పుడు జ్వరం మొదటిరోజు నుంచి ఉన్న రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి. ల్యాబుల రిపోర్టు వాట్సాప్‌లో వచ్చి ఫోన్ మారినప్పుడు పోతుంది, కాగితం మీద ప్రింటు తీయించండి. వాడిన ప్రతి బిళ్ళ అట్ట, ఇంజక్షన్ చీటీ, మీరు రాసుకున్న కుర్చీ లెక్కల పుస్తకం కూడా అదే ఫైల్‌లో పెట్టండి. షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు, అరవై దాటినవాళ్ళు అదే రోజు డాక్టర్‌ని ఫ్లూ టీకా గురించి కూడా అడగండి. ఏటా వానాకాలానికి ముందు ఒక డోసు వేయించుకోవాలి, పోయినేడు వేయించుకున్నది ఈ ఏటికి సరిపోదు.